సముద్రము దాటి వచ్చిన బిడ్డకు ఇంటిలో స్థానము

కుటుంబ పాఠము

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 2:1–11, ఎస్తేరు 2:5–11

పాఠ ఉద్దేశము: విదేశమునుండి దత్తత తెచ్చుకొన్న బిడ్డకు తల్లిదండ్రులు, బంధువులు, సంఘము ఏమి బాకీపడియున్నారో తెలిసికొనుట.



గత క్రిస్మసు సెలవులకు మా సంఘములో పెరిగిన ఒక అబ్బాయి, అతని భార్య చెన్నైకి వచ్చినారు. అతడు ఆఫ్రికాలోని ఒక దేశములో చాలా ఏండ్లుగా లెక్కల మాస్టరుగా పనిచేయుచున్నాడు. వారికి సంతానము లేదు. అక్కడి శిశుగృహములో ఉన్న రెండేండ్ల పాపను దత్తత తీసుకొని, ఉద్యోగపు ఒప్పందము ముగిసిన తరువాత మన దేశమునకు తెచ్చుకొనవలెనని వారి కోరిక. ఆరాధన ముగిసిన తరువాత ఈ సంగతి మాటలాడుచుండగా ఆ అబ్బాయి తల్లి నన్ను ప్రక్కకు పిలిచి మెల్లగా అడిగినది: "మాస్టరుగారూ, ఎంత పెంచినా ఆ పిల్ల మన పిల్ల అవుతుందా? తెచ్చినా, ఎక్కడినుండి తెచ్చినామో ఆ పిల్లకు చెప్పకుండా పెంచితే మంచిది కదా?"

ఆమెను నేను తప్పుపట్టలేదు. ప్రేమతోను, భయముతోను అడిగిన ప్రశ్న అది. అయితే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకనగా అరువది సంవత్సరముల క్రితము మా వీధిలో అదే ప్రశ్నకు పెద్దలు ఒక జవాబు చెప్పుకొన్నారు. దాని ఫలితము నేను కన్నులార చూచినాను.

ఓడలో వచ్చిన పాప

మన తెలుగువారికి బర్మా కొత్త దేశము కాదు. యానాము ప్రక్కనున్న కోరంగి రేవునుండి మన పూర్వికులు రంగూనుకు ఓడలెక్కినారు. అందుచేతనే బర్మావారు తెలుగువారిని కోరంగీలు అని పిలిచినారు. 1962లో అక్కడ సైన్యము అధికారము చేపట్టినది. తరువాత అంగళ్లు, వ్యాపారములు ప్రభుత్వపరమైనవి. లక్షలాది భారతీయులు సంపాదన చాలావరకు అక్కడనే విడిచి, ఓడలలో మద్రాసుకు, విశాఖపట్టణమునకు తిరిగివచ్చినారు.

1965లో అట్లు వచ్చిన ఒక కుటుంబము ఉత్తర మద్రాసులో మా వీధిలో కాపురము పెట్టినది. అప్పుడు నాకు ఏడేండ్లు. ఆ భార్యాభర్తలతో నాలుగేండ్ల పాప ఉండెను. రంగూనులో ప్రక్క ఇంటి బర్మా స్త్రీ ప్రసవములో మరణించగా, ఆ పసికందును వీరు తీసుకొని పెంచినారు. ఏ కోర్టు కాగితమును లేదు. సంఘములో శిశు ప్రతిష్ఠ జరిగినది, బడిలో తండ్రి పేరు వ్రాయించినారు, అంతటితో అంతయు సరిపోయినదనుకొన్నారు.

ఆ పాప మొదట తెలుగును బర్మా భాషను కలిపి మాటలాడెడిది. మేము పిల్లలము నవ్వెడివారము. తల్లిదండ్రులు ఆ మాటలు మానిపించినారు. బర్మా ఆడవారు థనకా అను చెక్కను రాతిమీద అరగదీసి గంధమువలె బుగ్గలకు పూసుకొందురు. ఆ తల్లి కూడ ఒక ముక్క తెచ్చుకొని మొదటిలో పాపకు పూసెడిది. వీధిలో "బర్మా పిల్ల" అన్న పేరు పడగానే ఆ చెక్కను, రాతిని అటకమీద పెట్టివేసినది. పెద్దలందరు కూడి ఒక నిర్ణయము చేసికొన్నారు: పిల్లకు ఎవరును ఏమియు చెప్పరాదు. ఇరువది రెండేండ్లు వచ్చువరకు ఆ చెల్లెలికి తెలియదు. వీధిలో మాకందరికి తెలియును.

1983లో తండ్రి హఠాత్తుగా మరణించినాడు. వీలునామా వ్రాయలేదు. క్రైస్తవులకు వర్తించు 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము, సంతానము లేని మనుష్యుని ఆస్తిలో సగము భార్యకును, మిగిలినది అతని రక్తసంబంధులకును పోవును. ఆ చెల్లెలు చట్టము దృష్టిలో సంతానము కాదు. భూస్థాపన జరిగిన పదునైదవ దినమున, అందరు భోజనమునకు కూర్చున్న సమయములో, చిన్నాన్న వరుసవాడు అన్నాడు: "ఈ పిల్ల మా రక్తము కాదు గదా." ఆ ఇల్లు అమ్మి పంచుకొన్నారు.

చాలా ఏండ్ల తరువాత ఆ చెల్లెలు నాతో ఇట్లన్నది: "అన్నా, ఇల్లు పోయినందుకు నేను ఏడవలేదు. ఆ పంక్తిలో నాకు తప్ప అందరికీ తెలుసు. చారు వడ్డించే ఆమెకు కూడా తెలుసు. దానికి ఏడ్చాను." పేరు చెప్పకుండ ఈ సంగతి వ్రాయుటకు ఆమె నాకు అనుమతి ఇచ్చినది.

చూడండి. ఆ తల్లిదండ్రులకు ప్రేమ కొరత లేదు. సముద్రము దాటించి తెచ్చినారు, చదివించినారు. కాని రెండు వస్తువులు ఇయ్యలేదు: చట్టము ముందు స్థానము, తన పుట్టుకను గూర్చిన నిజము. ఆ రెండును లేకపోవుటచేత ఇరువది రెండేండ్ల ప్రేమ ఒక్క మాటతో కదలిపోయినది. బిడ్డను ఇంటికి తెచ్చుట ఓడ దిగిన దినముతో ముగియదు. ఎవరును కదల్చలేని స్థానము ఆ బిడ్డకు ఇంటిలో దొరికినప్పుడే ముగియును. ఈ పాఠమంతయు ఈ ఒక్క సంగతిని గూర్చియే.

లేఖనములలో ఇద్దరు పిల్లలు

లేఖనములలో పరదేశమందు దత్తత పొందిన పిల్లలు ఇద్దరు మనకు బాగుగా తెలిసినవారే.

మోషే. ఫరో కుమార్తె జమ్ముపెట్టె తెరిచిన క్షణముననే ఆ బిడ్డ హెబ్రీయుల బిడ్డ అని గ్రహించినది. గ్రహించియు దాచలేదు. హెబ్రీ స్త్రీనే జీతమిచ్చి దాదిగా నియమించినది. ఆ విధముగా బిడ్డకు పాలతోపాటు తన జనుల భాషయు అందినది. పెద్దవాడైన తరువాత మోషే తన సహోదరులయొద్దకు వెళ్లినాడని చదువుచున్నాము. తన సహోదరులెవరో అతనికి తెలిసియుండెను గనుకనే వెళ్లగలిగెను.

ఎస్తేరు. మొర్దెకై మనవలెనే వలసవాడు. షూషను కోటలో స్థిరపడిన యూదుడు. తలిదండ్రులు లేని పినతండ్రి కుమార్తెను తన కుమార్తెగా స్వీకరించినాడు. ఆమెకు హదస్సా అను తన జనుల పేరును, ఎస్తేరు అను ఆ దేశపు పేరును రెండును ఉన్నవి. గ్రంథము రెండింటిని వ్రాసియున్నది. ఆమె రాజ గృహమునకు వెళ్లిన తరువాత కూడ మొర్దెకై ప్రతిదినము అంతఃపురము ఎదుట తిరుగుచు ఆమె క్షేమము విచారించుచుండెను. దత్తత అయిపోయినది, నా పని తీరినది అని అతడు అనుకొనలేదు.

ఇక్కడ మీలో కొందరు అడుగవచ్చును: తన వంశమును తెలుపవద్దని మొర్దెకై ఎస్తేరుకు ఆజ్ఞాపించినాడు గదా? నిజమే. అయితే అది బయటివారికి తెలుపకుండుట. ఎస్తేరుకు మాత్రము తాను ఎవరో తెలియును. పరులకు చెప్పకుండుట వేరు, బిడ్డకే చెప్పకుండుట వేరు. మొదటిది బిడ్డను కాపాడుట కావచ్చును. రెండవది బిడ్డ సొత్తును బిడ్డనుండి దాచుట.

మొదటి బాకీ: చట్టము ముందు స్థానము

పూర్వము మన క్రైస్తవులకు ఇది కష్టమైన పని. 1956 నాటి హిందూ దత్తత చట్టము హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు మాత్రమే. మనకు మిగిలినది 1890 నాటి గార్డియన్లు–వార్డుల చట్టము. దానిచేత మనము సంరక్షకులము మాత్రమే కాగలిగెడివారము. బిడ్డ మేజరు కాగానే ఆ సంబంధము తీరిపోవును, వారసత్వము ఉండదు.

జువెనైల్ జస్టిస్ చట్టము 2000లో వచ్చి, 2006లో సవరింపబడిన తరువాత ఏ మతస్థులైనను పూర్తి దత్తత చేసికొనుటకు మార్గము తెరువబడినది. 2014లో సుప్రీంకోర్టు షబ్నం హాష్మి కేసులో ఆ సంగతిని స్పష్టపరచినది. ఇప్పుడు అమలులోనున్నది 2015 నాటి చట్టము. దాని ప్రకారము దత్తత ఉత్తర్వు వచ్చిన దినమునుండి బిడ్డ అన్ని విషయములలోను, వీలునామా లేని వారసత్వములో సహా, ఆ తల్లిదండ్రుల బిడ్డయే. మా చెల్లెలి తండ్రికి ఈ మార్గము లేదు. మనకు ఉన్నది. ఉండియు వాడుకొనకపోయిన యెడల దోషము మనదే.

ఇక విదేశములోని బిడ్డ విషయములో క్రమము ఇట్లుండును.

ఒకటి. బిడ్డను చూచుకొనక ముందే ఢిల్లీలోని కేంద్ర దత్తత వనరుల సంస్థను విచారించవలెను. దీనిని క్లుప్తముగా కారా అందురు. దేశాంతర దత్తతకు 1993లో హేగ్ నగరములో ఒక ఒడంబడిక జరిగినది. మన దేశము దానిని 2003లో ఆమోదించినది. బిడ్డ ఉన్న దేశము అందులో చేరినదో లేదో మొదట తెలిసికొనవలెను. అన్ని దేశములు బిడ్డలను ఇయ్యవు. చైనా 2024లో, దగ్గరి బంధువుల దత్తత వంటివి తప్ప, విదేశీయులకు ఇచ్చుట నిలిపివేసినది. అనేక ముస్లిం దేశములలో కఫాలా అను పోషణ ఏర్పాటు మాత్రమే ఉండును. అది సంరక్షణయే గాని మనము అనుకొను దత్తత కాదు. గల్ఫు దేశములలోనున్న మనవారు ఈ భేదమును గట్టిగా గుర్తుంచుకొనవలెను.

రెండు. దత్తత ఆ దేశములోనే, ఆ దేశపు చట్టము ప్రకారము, ముందుగా పూర్తి కావలెను. అక్కడ నివసించు భారతీయులను ఆ దేశము తనవారితో సమానముగా చూచునా, విదేశీయులుగా చూచునా అన్నది అక్కడి వకీలునే అడుగవలెను. ఒడంబడికలోని దేశమైన యెడల, తల్లిదండ్రుల గృహ పరిశీలన నివేదిక, బిడ్డను గూర్చిన నివేదిక, బిడ్డ వైద్య నివేదిక చూచి కారా తన సమ్మతి తెలుపును.

మూడు. బిడ్డకు ఆ దేశపు పాస్‌పోర్టు ఉండును గనుక మన దేశములో అడుగుపెట్టుటకు వీసా కావలెను. అక్కడి భారత రాయబార కార్యాలయము దత్తత సక్రమముగా జరిగినదో లేదో కాగితములు చూచి ప్రవేశ వీసా ఇచ్చును. ఆ కార్యాలయము ద్వారానే మన కేంద్ర హోంశాఖ అనుమతియు పొందవలెను. విమానపు టిక్కెట్టు ముందు కొని, వీసా తరువాత చూచుకొందము అనువారు విమానాశ్రయములో బిడ్డతో కూర్చుండి ఏడ్చెదరు.

నాలుగు. ఇల్లు చేరిన తరువాత పని ముగిసినదనుకొనరాదు. వీసా గడువు తేదీని గోడమీది క్యాలెండరులో వ్రాసికొనండి. 1955 నాటి పౌరసత్వ చట్టము 5వ సెక్షను క్రింద, భారత పౌరుల మైనరు బిడ్డగా పౌరసత్వ నమోదుకు దరఖాస్తు చేయండి. జనన పత్రము, దత్తత ఉత్తర్వు మరియొక భాషలోనున్న యెడల ధ్రువీకరించిన అనువాదములు చేయించండి.

అయిదు. చట్టము ఎంత గట్టిగా ఉన్నను వీలునామా వ్రాయండి. దానికి ఇద్దరు సాక్షుల సంతకములు చాలును. రిజిస్టరు చేయించిన మరీ మంచిది. "మా దత్తపుత్రిక" అని పేరుతో స్పష్టముగా వ్రాయించండి.

నేను ప్రధానోపాధ్యాయునిగా ఉన్నప్పుడు ప్రవేశ రిజిస్టరులో వేలకొలది పేర్లు వ్రాసినాను. తండ్రి పేరు అడిగి, చెప్పిన పేరు వ్రాసెడివాడను. ఆ వ్రాత దత్తతకు రుజువు కాదు. సంఘ రిజిస్టరులోని శిశు ప్రతిష్ఠ వ్రాతయు కాదు. ఈ మాట మన పాస్టర్లు దంపతులకు ముందుగానే చెప్పవలెను.

రెండవ బాకీ: నిజము

నిజము చెప్పవలెనన్న, మొదట మనము నిజము తెలిసికొనవలెను. ఈ బిడ్డ ఎట్లు ఇక్కడికి వచ్చినది? తల్లి ఉన్నదా? ఆమె ఇష్టపడి ఇచ్చినదా? డబ్బు చేతులు మారినదా? హేగ్ ఒడంబడిక ఈ విషయములో స్పష్టముగా ఉన్నది. తల్లి సమ్మతి బిడ్డ పుట్టిన తరువాతనే తీసుకొనవలెను. డబ్బు ఆశ చూపి తీసుకొనరాదు. బిడ్డ మూలమును గూర్చిన వివరములను భద్రపరచవలెను.

ఈ నియమములు ఎందుకు పుట్టినవో మన తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. నల్గొండ జిల్లా లంబాడీ తండాలలో పేదలయొద్దనుండి ఆడశిశువులను కొని దత్తతకు పంపినారన్న కేసులు 1999లోను, 2001లోను పత్రికలలో వచ్చినవి. దక్షిణ కొరియానుండి సుమారు రెండు లక్షలమంది పిల్లలు విదేశములకు పోయినారు. 2025 మార్చిలో ఆ దేశపు సత్య విచారణ సంఘము ఒక సంగతి బయటపెట్టినది. అనేక కేసులలో తల్లిదండ్రులున్న పిల్లలను అనాథలుగా వ్రాసినారు, కాగితములు మార్చినారు. ఆ పిల్లలు ఇప్పుడు నడివయస్సు దాటి తమ తల్లులను వెదకుచున్నారు. తీసుకొన్న తల్లిదండ్రులలో అనేకులు మంచివారు, దేవుని భయముగలవారు. వారు అడుగవలసిన ప్రశ్న అడుగలేదు, అంతే. త్వరగా పని జరిపించెదను, ఇంత ఖర్చగును అని దళారి ఎవడైనను చెప్పిన యెడల ఆ ద్వారము విడిచి వెళ్లిపొండి.

తెలిసిన నిజమును బిడ్డకు ఎప్పుడు చెప్పవలెను? పెండ్లికి ముందు అని కొందరు, పదవ తరగతి తరువాత అని కొందరు అందురు. ఉపాధ్యాయునిగా నేను చెప్పునది, అర్థము కాని వయస్సునుండియే చెప్పుచుండవలెను. రెండేండ్ల పాపను ఒడిలో కూర్చుండబెట్టుకొని, "నీవు ఫలాన ఊరిలో పుట్టినావు, మేము విమానమెక్కి వచ్చి నిన్ను తెచ్చుకొన్నాము" అని కథగా చెప్పండి. అయిదేండ్లకు మరికొంత, పదేండ్లకు మరికొంత. ఒకటవ తరగతిలో కూడిక నేర్పకుండ అయిదవ తరగతిలో భిన్నములు నేర్పగలమా? చిన్ననాటినుండి విన్న సంగతి బిడ్డకు పిడుగు కాదు, తన కథ అగును.

తెలియనిదానిని తెలియదనియే చెప్పండి. "మీ అమ్మ చెడ్డది, విడిచిపోయినది" అని ఎన్నడును అనరాదు. ఆ తల్లి ఏ కష్టములో ఉండెనో మనకు తెలియదు.

ఆ దేశములో తీసిన ఫోటోలు, శిశుగృహములో తొడిగిన గౌను, వాడిన గిన్నె, అక్కడి కాగితముల నకళ్లు ఒక పెట్టెలో ఉంచి అది బిడ్డదని చెప్పండి. పేరు మార్చదలచిన యెడల పాత పేరును తీసివేయక, ప్రక్కన చేర్చండి. హదస్సా పేరు పోకుండగనే ఎస్తేరు పేరు వచ్చినది.

మూడవ బాకీ: దినదిన పోషణ

బయలుదేరక ముందే బిడ్డ భాషలో ముప్పది మాటలు నేర్చుకొనండి: నీళ్లు, ఆకలి, నొప్పి, నిద్ర, దొడ్డికి, భయము లేదు, అమ్మ ఇక్కడనే ఉన్నది. మన భాష రాని ఇంటిలో కడుపునొప్పి వచ్చిన బిడ్డ ఏమని చెప్పును? బిడ్డ తొందరగా తెలుగు నేర్చును, అంతే తొందరగా పాత భాషను మరచును. ఆ భాషలోని ఒక జోలపాటనైనను రికార్డు చేసి తెచ్చుకొనండి.

ఆహారము ఒక్కసారిగా మార్చరాదు. అక్కడ జావ త్రాగిన బిడ్డకు మొదటి వారములో జావయే పెట్టండి. పప్పన్నము, పెరుగు మెల్లగా అలవాటు చేయండి. శిశుగృహములో పెరిగిన బిడ్డలలో కొందరు రొట్టె ముక్కలు దిండు క్రింద దాచుకొందురు. దొంగతనమని కొట్టకండి. రేపు అన్నము దొరకునో లేదో అను భయము అది. అందునట్లు ఒక డబ్బాలో బిస్కెట్లు పెట్టి, అది నీదే అని చూపండి. కొన్నాళ్లకు ఆ భయము తగ్గును.

వచ్చిన వారములోనే పిల్లల డాక్టరుకు చూపండి. టీకాల కార్డు వెంట తీసుకొని వెళ్లండి. కార్డు లేని యెడల ఏ టీకాలు మరల వేయవలెనో డాక్టరు చెప్పును. రక్తహీనత, క్షయ, హెపటైటిస్ బి, కడుపులో పురుగులు, మలేరియా, సికిల్ సెల్ వీటిని గూర్చి అడుగండి. ఎల్లో ఫీవర్ ఉన్న ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశములనుండి వచ్చువారికి ఆ టీకా ధ్రువపత్రము లేనిచో విమానాశ్రయమునుండి నేరుగా ఇంటికి పంపక, కొన్ని దినములు వేరుగా ఉంచుదురు. బిడ్డ విషయములో ఏమి చేయవలెనో ప్రయాణమునకు చాలా ముందుగానే తెలిసికొనండి.

ఇంకొక సంగతి. కొందరు బిడ్డలు ఎవరు చేయి చాచినను నవ్వుచు వారి చంకకెక్కుదురు. "ఎంత కలుపుగోలు పిల్ల!" అని మనము మురిసిపోవుదుము. కాని తన మనుష్యులు ఎవరో ఇంకను తెలియని బిడ్డ అట్లు చేయును. మొదటి కొన్ని నెలలు అన్నము తినిపించుట, స్నానము, నిద్రపుచ్చుట తల్లిదండ్రులే చేయవలెను. నానమ్మ, అమ్మమ్మలకు ఇది కష్టముగా ఉండును. అయినను తల్లి ఒడి ఏదో బిడ్డకు తెలిసిన తరువాత నానమ్మ ఒడి రెండింతలు తీపి అగును.

సంఘము చేయవలసినది

మన సంఘములలో కొత్త బిడ్డ వచ్చిన మొదటి ఆదివారమే ఒకరి చేతినుండి మరియొకరి చేతికి బిడ్డ సంఘమంతయు తిరుగును. ప్రేమయే, అయినను ఈ బిడ్డ విషయములో కొన్ని వారములు ఆగుదము. కానుక ఇయ్యదలచిన వారు తల్లికి రెండు పూటల కూర వండి పంపండి.

బిడ్డ రంగును గూర్చి, జుట్టును గూర్చి మాటలాడకండి. మన పిల్లలకు ఇండ్లలో ముందుగానే నేర్పండి. నేను ఏడేండ్ల వయస్సులో నవ్విన నవ్వును ఈనాటికిని నేను మరువలేదు. ఆ చెల్లెలును మరువలేదు. "సొంత పిల్లలు లేరా?" అని ఆ బిడ్డ యెదుట అడుగువారిని పెద్దలు అక్కడనే సరిదిద్దవలెను. ఆ బిడ్డయే వారి సొంత బిడ్డ.

మనము కర్ణాటకలో, తమిళనాడులో, ఒడిశాలో, మహారాష్ట్రలో తరతరములుగా ఉన్నవారము. వీధిలో ఒక భాష, ఇంటిలో ఒక భాష. "మీది ఏ ఊరు?" అని అడిగిన యెడల ఒక్క మాటలో చెప్పలేని వారము. రెండు ఊర్ల బిడ్డగా ఉండుట ఎట్లో ఇతరులకంటె మనకు ఎక్కువ తెలియును. ఆ తెలివిని ఈ బిడ్డకు ఇయ్యగలము.

ముగింపు

జనవరిలో ఒక సాయంకాలము ఆ అబ్బాయి తల్లిని మా చెల్లెలి ఇంటికి తీసుకొనివెళ్లినాను. ఇద్దరును ఇంచుమించు ఒకే వయస్సువారు. మా చెల్లెలు కాఫీ ఇచ్చి, అటకమీదినుండి దించి దాచుకొన్న ఆ థనకా చెక్కను, రాతిని చూపినది. తల్లి మరణించిన తరువాత పాత సామానులో దొరికినవట. తరువాత ఇట్లన్నది: "వదినా, పాపను తెచ్చుకోండి. కాగితాలు ముందు సరిచూసుకోండి. పాప అడగకముందే చెప్పండి. మా అమ్మ నన్ను ఎంత ప్రేమించిందో నాకు తెలుసు. ఆమే చెప్పి ఉంటే, ఆ రోజు భోజనాల దగ్గర చిన్నాన్న మాటకు నేను, 'అవును, నాకు తెలుసు' అని తల ఎత్తి చెప్పేదాన్ని."

తిరిగివచ్చునప్పుడు ఆ తల్లి చాలాసేపు మాటలాడలేదు. బస్సు దిగునప్పుడు మాత్రము అడిగినది: "మాస్టరుగారూ, ఆ దేశంలో అమ్మను ఏమని పిలుస్తారో మా అబ్బాయిని అడిగి రాసి పెట్టుకోనా?"

ఇంటిలో చర్చించుటకు ప్రశ్నలు

1. ఫరో కుమార్తె బిడ్డ జనమును గ్రహించియు దాచలేదు. దానివలన మోషేకు కలిగిన మేలు ఏమి?

2. పరులకు చెప్పకుండుటకును, బిడ్డకు చెప్పకుండుటకును భేదమేమి? మీ బంధువులలో ఉదాహరణ ఉన్న యెడల పేర్లు చెప్పకుండ ఆలోచించండి.

3. సంరక్షణకును దత్తతకును చట్టములో ఉన్న ముఖ్యమైన భేదము ఏది?

4. మీ ఇంటిలో పెంచుకొన్న బిడ్డ ఎవరైన ఉన్న యెడల, ఆ బిడ్డ పేరున కాగితము ఏది ఉన్నది? ఈ వారములోనే వెదకి చూడండి.

5. సంఘములోనికి కొత్త బిడ్డ వచ్చినప్పుడు మనము మానుకొనవలసిన మాటలు మూడు వ్రాసి, పిల్లలకు చదివి వినిపించండి.